పీచు

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ తలుపు తీయగానే
ముందు ఘాటు తగులుద్ది, తర్వాతే చలి.
ఆ రెంటికంటే ముందే దూది లోపలుండేది,
టిక్కీల సందులో, తోక మాత్రం బయటికి పెట్టి.
పందికొక్కు కీచుమనడం ఒక్కసారే వినపడేది.
రెండోసారి వినపడితే, లోపలున్నది దూది కాదు.

గుండె అంత గట్టిది. బొచ్చే మెత్తన.
తేజ కాయ పొడి వెంట్రుక మొదట్లోకి దిగి కూర్చునేది.
రాత్రి నాక్కునేది, నాలుక మండేది,
ముంగాళ్లతో కళ్లు రుద్దుకుంటూ
రేకుల కింద తెల్లార్లూ తిరిగేది.
దీనమ్మ చల్లలో గుడ్డ ముంచి తుడుస్తా
"పనికి పుట్టినదానికి ఈ పెళ్లిబట్టలేందయ్యా" అంది.
ఆ మాట దగ్గర మొదలు.

బెజవాడ లోకోషెడ్డు ఫిట్టరు ఆంథోనప్ప దగ్గర
ఒక మగదుందని విన్నాను.
ప్యాసింజర్లో సీటు కింద గంప, గంపలో దూది,
పైన గోనెపట్టా. కృష్ణా కెనాల్ దాకా ఊపిరి బిగబట్టాను.
బ్రిడ్జి ఇనుప చప్పుడికి గంప కదిలింది.
టీసీ గంపను చూశాడు, నన్ను చూశాడు,
కిటికీలోంచి ఇసకమేటలు చూసుకుంటా వెళ్లిపోయాడు.

ఆ మగదాని వీపు మీద చెయ్యి వేస్తే
కొబ్బరి పీచు.
ఎదురు నిమిరితే వేళ్లకు గుచ్చుకుంది.
విడదీసి చూస్తే అడుగున ఇంకో బొచ్చు, పొట్టిగా, ఒత్తుగా,
చర్మాన్ని కనపడనీలేదు.
"కత్తెర పెట్టొద్దు" అన్నాడు ఆంథోనప్ప.
"కత్తిరిస్తే చచ్చిన మొదలు లోపలే ఉండిపోద్ది,
వచ్చేది నీరసించి మెత్తబడుద్ది.
పండినదాన్ని పీకు. పచ్చిది తనంతట ఆగుద్ది."

అరవైమూడు రోజులు.
మొదటి ఈతలో నాలుగు.
రెండు పీచే, కానీ బూటు చప్పుడికి మంచం కింద దూరేవి.
ఒకదానికి పైబొచ్చు ఉంది, అడుగుబొచ్చు లేదు,
చినుకు పడితే ఎముకల దాకా తడిసేది.
నాలుగోది కళ్లు తెరవకముందే పోయింది,
దాని బొచ్చు సంగతి తెలీదు. అదీ రాశాను.

మిర్చిలో తాలు కంటికి దొరుకుద్ది.
కుక్కపిల్లలో తాలు ఎక్కడుందో
ఏడాది తిండి పెడితేగానీ తెలీదు.

పీచుపిల్లల్లో ఒకదాన్ని బ్రాడీపేట షావుకారు కొడుకు పట్టుకెళ్లాడు.
మూడు నెలలకు తీసుకొచ్చి చూపించాడు.
సెలూన్లో మిషను పెట్టించాడంట, పౌడరు వాసన,
చెయ్యి వేస్తే పిల్లి.
"ముద్దుగా లేదూ?" అన్నాడు.
ఉంది అన్నాను. ఏమంటాను.

మళ్లీ అదే గంప, అదే రైలు.
రెండో ఈతలో మూడోది, ఆడది.
పదోవారం కుళాయి కింద పట్టుకుంటే
నీళ్లు తాటాకు చూరు మీంచి జారినట్టు జారిపోయాయి,
వేలు దూర్చి చూశాను, లోపల పొడి.
యార్డు వెనక పల్లేరుకాయల్లో దొర్లొచ్చింది,
ఒక్కటీ అంటలేదు.
పేరు వెతికే పని లేకపోయింది.

ఎనిమిదో నెలలో టిక్కీల సందులోకి తనే వెళ్లింది.
ఒకటే కీచు.
నోట్లోది నా కాళ్ల దగ్గర పడేసి
ముక్కు నుంచి తోక దాకా ఒక్క విదిలింపు.
ట్యూబులైటు కింద ఎర్రగా పొగలేచింది.
అది దులుపుకొని వెళ్లిపోయింది,
నేనూ దీనమ్మా తుమ్ముతా నిలబడ్డాం.

పగలంతా తొడిమలు తీసిన వేళ్లే
సాయంత్రం దాని వీపు మీద పనిచేస్తాయి.
బూడిద రాసుకుంటుంది దీనమ్మ, మంటకీ పట్టుకీ రెంటికీ అదే.
బొటనవేలు, చూపుడువేలు, చిన్న లాగు.
చచ్చిన వెంట్రుక తొడిమలాగే ఊడొస్తుంది.
పీచు మోకాళ్ల మధ్య కునుకు తీస్తుంది.
గేటు దగ్గర ముసలి దూది
సగం మూసుకున్న కళ్లతో ఇటే చూస్తుంది.

పోయిన నెల పీచు ఈనింది. ఐదు.
నాలుగు గరుకు తిరుగుతున్నాయి.
ఒకటి మెత్తన. అచ్చం అమ్మమ్మే.
నోటుబుక్కులో పెన్సిలు మొన విరిగేలా రాశాను, దాచలేదు.
అది అప్పుడే గోనెసంచి అంచు పట్టుకుంది,
లాగినా వదలట్లేదు.
దీనమ్మ చల్లచెంబు కోసం వెతుకుతోంది.